అగ్నిమాపక శకటములు – వాని మెకానిక్కులు

మన రాయగడలోగాని, కొరాపుట్టులోగాని, జయపురములోగాని అగ్నిమాపక కేంద్రము ముందుగా నడచిపోవువారు ఎఱ్ఱని బండి యొకటి షెడ్డులో నిలిచియుండుట చూచియే యుందురు. ఒక్కొక్కప్పుడు దినముల తరబడి అది అచ్చటనే యుండును. దానిని చూచి, "ఈ బండికే పని లేనప్పుడు దీనిని బాగుచేయువానికి పనియేమున్నది?" అనుకొనువారు కలరు. బస్సు ప్రతిదినము వందల కిలోమీటర్లు తిరుగును గనుక దాని మెకానిక్కునకు చేతినిండ పని యుండుననియు, కదలని బండి యరగదు గనుక చెడదనియు సామాన్యముగా తలంతురు. ఈ తలంపు సరికాదు. తిరుగు బండికంటె నిలుచు బండిని కాపాడుటయే కష్టము. ఏలయనగా తిరుగు బండి తన జబ్బును తానే చెప్పుకొనును. శబ్దము మారును, పొగ రంగు మారును, బ్రేకు జాఱును. సాయంకాలమునకు డ్రైవరు వచ్చి ఆ మాట మెకానిక్కుతో చెప్పును. నిలుచు బండి యేమియు చెప్పదు. దాని లోపము బయటపడునది ఎక్కడనో ఇల్లంటుకొని గంట మ్రోగినప్పుడే. అప్పుడు పానా పట్టుకొనుటకు వ్యవధి లేదు.

మంటలతో పోరాడువారి ధైర్యమునుగూర్చి పుస్తకములలోను పత్రికలలోను చదువుచుందుము, అది చదువదగినదియే. వారి చేతికి పనిముట్టు నందించు మెకానిక్కునుగూర్చి వ్రాసినవారు తక్కువ. మన జిల్లాలలో తెలుగు చదువుచున్న బాలబాలికలకును, వారి తలిదండ్రులకును ఈ వృత్తి లోగుట్టు కొంత తెలిసియుండుట మేలని తోచి దీనిని వ్రాయుచున్నాము.

ఆంధ్రదేశమున శిక్షణ పొంది యిచ్చటికి వచ్చిన మాకు క్రొత్తగా వినబడిన ఒడియా మాటలలో "దమకళ" యొకటి. మనము ఫైరింజనను దానినే యిచ్చటివారు దమకళ యందురు. "దమ" యనగా ఊపిరి, "కళ" యనగా యంత్రము. ఊపిరి పీల్చు యంత్రమన్నమాట. ఈ పేరు పెట్టినవారెవరోగాని యంత్రమును చక్కగా ఎఱిగినవారు. బండికి రంగు, గంట, నిచ్చెన ఎన్ని యున్నను దాని ప్రాణమంతయు లోపలి పంపునందే కలదు. ఆ పంపు పనియంతయు పీల్చుటయందును ఊదుటయందునే కలదు.

బండి నిర్మాణము చూతము. అడుగున నున్నది సాధారణమైన లారీ చట్రమే. దానిపై నీటితొట్టి యుండును. 4,000 మొదలు 5,000 లీటర్ల వఱకు నీరుపట్టు తొట్లు గల బండ్లు సాధారణము. బండి వెనుకగాని నడుమగాని పంపు అమర్చబడియుండును. పంపునకు వేఱుగా ఇంజను లేదు. బండిని నడపు ఇంజను శక్తినే పళ్లచక్రముల ద్వారా పంపువైపునకు మరల్చెదరు. ఈ యేర్పాటును పవర్ టేకాఫ్ అందురు. మంట యొద్దకు చేరి బండి నిలిచిన వెనుక డ్రైవరు ఈ మీటను వేయును. అంతవఱకు చక్రములను త్రిప్పిన యింజను అప్పటినుండి పంపును త్రిప్పును. పంపులోపల రెక్కలుగల చక్ర మొకటి అతివేగముగా తిరుగుచు నీటిని నడిమినుండి అంచునకు విసరును. చల్లకవ్వము త్రిప్పునపుడు చల్ల కుండ యంచునకు ఎగబ్రాకుట మీరు చూచియుందురు. ఇచ్చట జరుగునదియు అదియే.

ఇప్పుడొక లెక్క. గొట్టమునుండి నిమిషమునకు 500 లీటర్ల నీరు పోవుచున్నదనుకొనుడు. 5,000 లీటర్ల తొట్టి పది నిమిషములలో ఖాళీయగును. మంట పది నిమిషములలో ఆఱునని యెవరును చెప్పలేరు. గావున తొట్టినీరు అయిపోవులోపల చెఱువునుండియో, నూతినుండియో, నాగావళి వంటి యేటినుండియో నీటిని పీల్చుకొనవలయును. ఇక్కడనే మన కొండప్రాంతమునకు సంబంధించిన చిత్రమైన విషయ మొకటి కలదు.

పంపు నీటిని పైకి లాగునని మనమందుము గాని, నిజమునకు పంపు లాగదు. పంపు చేయునదెల్ల గొట్టములోని గాలిని తీసివేయుట. బయటి వాయుమండలము చెఱువునీటిపై అదుముటచే నీరు గొట్టములోనికి ఎక్కును. వాయుమండలము ఎంత బరువుతో అదుమునో అంత యెత్తు మాత్రమే నీరు ఎక్కగలదు. సముద్రమట్టమున ఆ యెత్తు 10.3 మీటర్లు. అంతకుమించిన లోతునుండి పైనున్న పంపుతో నీరు పీల్చుట యెవరి తరమును కాదు. ఇటలీ దేశపు నూతి పనివారికి 17వ శతాబ్దమున ఈ సంగతి అనుభవమువలన తెలిసినది. కారణమును టారిసెల్లి 1643లో పాదరసపు నాళముతో తేల్చినాడు. ఇక కొరాపుట్టు సముద్రమట్టమునకు రమారమి 900 మీటర్ల యెత్తున నున్నది. ఎత్తునకు పోయినకొలది పైనుండు గాలి తగ్గును, దాని బరువును తగ్గును. కొరాపుట్టులో వాయుమండలము నీటిని 9.3 మీటర్ల వఱకే నిలుపగలదు. అనగా విశాఖపట్టణపు రేవున నున్న పంపునకును, అట్టిదియే కొరాపుట్టులో నున్న పంపునకును ఒక మీటరు భేదము. పంపులో ఏ లోపమును లేదు, గాలియే తక్కువ.

పుస్తకపు లెక్క యిది. ఆచరణలో గొట్టపు రాపిడి, నీటి వేగము, కీళ్లవద్ద సన్నని గాలిచొరవ మొదలగువానివలన సముద్రతీరమున సైతము 7 మీటర్లకు మించి పీల్చుట కష్టము. కొండమీద 6 మీటర్ల కంటె నమ్మరాదు. వేసవిలో నుయ్యి యడుగంటిన పల్లెలలో ఈ యొక్క మీటరే యింటికిని బూడిదకును నడుమ నిలుచును. మెకానిక్కు ప్రకృతి తగ్గించిన ఆ మీటరును తిరిగి తేలేడు. కాని బండిలోపముచేత మఱియొక మీటరు పోకుండ కాపాడగలడు. అదియే యతని పని.

దీనికొఱకతడు చేయు పరీక్ష సులభమైనది, అందమైనది కూడ. రెక్కలచక్రపు పంపు నీటిని విసరగలదు గాని గాలిని విసరలేదు. గావున మొదట గాలిని తీసివేయుటకు ప్రైమరను చిన్న సాధనము వేఱుగా నుండును. పంపులోని నీటినంతటిని వదలి, నీరు పీల్చు మూతికి గట్టిగా మూత బిగించి, ప్రైమరును నడపి లోని గాలిని తీసివేయుదురు. శూన్యమును చూపు గేజి ముల్లు క్రిందికి దిగును. అంతట ప్రైమరు నాపి, ఆ ముల్లును చూచుచు నిలుచుందురు. ముల్లు నిలిచినచో పంపు బిగువుగా నున్నది. మెల్లగా వెనుకకు వచ్చినచో ఎక్కడనో సందు కలదు: ఎండిన రబ్బరు వలయమో, కాడవద్ద వదులైన బిగింపో, సరిగా మూయబడని కవాటమో. వెండ్రుకవాసి సందయినను చాలును. చెఱువుగట్టున ఇంజను గర్జించుచుండును, గొట్టములో నీరు మాత్రమెక్కదు. ప్రైమరును మాత్రము ఎక్కువసేపు నడుపరాదు. నీరు లేక పంపును త్రిప్పినచో సీలు వేడెక్కి కాలిపోవును. తొందరపాటున పరీక్షయే రోగమగు సందర్భములు ఈ వృత్తిలో కలవు.

పంపు చరిత్ర చాల పాతది. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో క్టెసిబియసనునాతడు రెండు గొట్టముల త్రోపుడుపంపును నిర్మించెను. అతడు మంగలివాని కుమారుడని రోమను గ్రంథకర్త విట్రూవియసు వ్రాసియున్నాడు. ఆవిరితో నడచు మొదటి ఫైరింజను 1829లో లండనులో పుట్టినది. చరిత్ర యింతటితో చాలును. మన షెడ్డులోని బండి యొద్దకు తిరిగి వత్తము.

నిలిచియున్న బండిలో మొదట చచ్చునది బ్యాటరీ. ఏ దీపమును వెలుగకున్నను దాని బలము తనంతట తానే కొంచెము కొంచెముగా కారిపోవుచుండును. నేటి బండ్లలో రేడియో, గడియారము, యింజనును కనిపెట్టుచుండు ఎలక్ట్రానిక్ పెట్టెలు నిద్రలోకూడ కొంత విద్యుత్తును త్రాగుచుండును. కొరాపుట్టు పీఠభూమిమీద పుష్యమాసపు తెల్లవాఱుజామున చలి యెంతటిదో మనకు తెలిసినదే. చలిలో బ్యాటరీ బలము తగ్గును. సరిగా అప్పుడే యింజనులోని నూనె చిక్కబడి సెల్ఫుకు బరువగును. అందుచేత షెడ్డులో నిలిచినంతసేపును బండికి ఛార్జరు తగిలించి యుంచుట పద్ధతి. ఆ తీగ బండి కదలగనే తనంతట ఊడిపోవునట్లుండవలెను. లేకున్న గోడతోసహా వచ్చును.

రెండవది డీజిలు. తొట్టి సగము ఖాళీగా నున్నచో మిగిలిన చోటనున్న గాలిలోని తేమ రాత్రి చల్లదనమునకు నీటిబొట్లై డీజిలులోనికి దిగును. నీరు బరువైనది గనుక అడుగున చేరును. యింజను పీల్చుకొనునది అడుగునుండియే. ఆ నీటిని వేఱుచేయు గిన్నెయొకటి దారిలో నుండును. దానిని విప్పి నీటిని వదలుట రెండు నిమిషముల పని. వర్షాకాలమున ఆ రెండు నిమిషములు మఱచినచో నడిదారిలో యింజను దగ్గి యాగును. తొట్టిని నిండుగా నుంచుట అన్నిటికంటె మంచి మందు.

మూడవది టైర్లు. అరగని టైరు క్రొత్తదని భ్రమపడకుడు. రబ్బరు తిరుగకున్నను వయసుచేత గట్టిపడి, ప్రక్కల సన్నని పగుళ్లు వేయును. ఒకేచోట నెలల తరబడి మోసిన బరువునకు అడుగు చదునగును. విద్యార్థులు స్వయముగా చూడదగిన సంగతి యొకటి కలదు. ఏ టైరు ప్రక్కనైనను కోడిగ్రుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు అచ్చొత్తబడియుండును. 2319 అని యున్నచో, ఆ టైరు 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. తండ్రి మోటారుసైకిలు టైరుపై వెదకినను అది కనబడును. మెకానిక్కు టైరు గాడి లోతును మాత్రమే కాక ఈ నాలుగంకెలను కూడ చదివి నిర్ణయించును.

నాలుగవది చాలమంది యెఱుగనిది, గాలి. పెద్దబండ్ల బ్రేకులు గాలి యొత్తిడితో పనిచేయును. చేతిబ్రేకు విషయములో మాత్రము వ్యవహారము తలక్రిందులు: బలమైన స్ప్రింగు బ్రేకును పట్టియుంచును, గాలి ఆ స్ప్రింగును వెనుకకు నెట్టి వదలించును. రాత్రియంతయు ఏ కీలువద్దనో గాలి సన్నగా కారిపోయినచో తెల్లవాఱునప్పటికి సిలిండరులు ఖాళీయగును. గంట మ్రోగినప్పుడు యింజను చక్కగా లేచును, సిబ్బంది యెక్కి కూర్చుందురు, బండి మాత్రము కదలదు. కంప్రెసరు గాలిని మరల నింపువఱకు స్ప్రింగు వదలదు. అందుకే మెకానిక్కు సబ్బునీరు పూసి కీళ్లను బుడగలకొఱకు వెదకుచుండును. ఇంకను, గాలి సిలిండరుల అడుగున చేరిన నీటిని నిత్యము వదలవలెను. లేకున్న లోన త్రుప్పుపట్టి కవాటములు కొఱుకుకొనిపోవును.

ఘాట్లనుగూర్చి చెప్పకున్న మన ప్రాంతపు వ్యాసము కాజాలదు. సాలూరునుండి సుంకి మీదుగా పొట్టంగి, సునాబెడలకు ఎక్కు దారిలో ప్రయాణించినవారు దిగుదలలో లారీ బ్రేకులనుండి వచ్చు కాలిన వాసన నెఱుగుదురు. 15 టన్నుల బండి 700 మీటర్ల యెత్తునుండి క్రిందికి దిగినదనుకొందము. పదవ తరగతివారు బరువును ఎత్తుతో హెచ్చవేసి చూడవచ్చును. ఆ శక్తి నంతటిని బ్రేకులే మ్రింగవలసినచో, ఆ వేడిమి 300 లీటర్ల చల్లని నీటిని మరగు స్థాయికి తెచ్చుటకు చాలును. అంత వేడికి బ్రేకుగుడ్డ జాఱును, త్రొక్కినను పట్టదు. గావున ఎక్కిన గేరులోనే దిగవలెనని డ్రైవరులకు చెప్పుదురు. యింజనే బండిని వెనుకకు పట్టవలెను. పొగగొట్టమును మూసి యింజనుకు అడ్డుకట్టవేయు బ్రేకు వేఱొకటి కలదు. ఇది మసిపట్టి బిగుసుకొనుట మామూలు. ఊరిలో తిరుగు బండిలో అది పనిచేయకున్నను ఎవరికిని తెలియదు. ఘాటు దిగు బండిలో తెలియును.

నీటిబండికి మఱియొక చిక్కు కలదు. 5,000 లీటర్ల నీరనగా 5 టన్నుల బరువు. పైగా అది కదలు బరువు. తలమీద నిండుబిందె మోయు స్త్రీకిని, సగము బిందె మోయు స్త్రీకిని నడకలో భేదము చూడుడు. సగము తొట్టితో మలుపు తిరుగునపుడు నీరంతయు ఒక ప్రక్కకు ఒరిగి బండిని బోల్తాకొట్టించును. ఇందుకే తొట్టిలోపల రంధ్రములుగల అడ్డపలకలు నిర్మింతురు. ఇవి త్రుప్పుపట్టి విఱిగినను బయటికి కానరావు. సంవత్సరమున కొకసారియైనను తొట్టిని ఖాళీచేసి, మనిషి పట్టు కంతగుండ లోనికి దిగి సుత్తితో తట్టి చూడవలెను. చీకటి, ఉక్క, త్రుప్పువాసన. దీనిని మించిన కష్టము ఈ వృత్తిలో లేదు.

బండి యెన్ని కిలోమీటర్లు తిరిగినదో చూచి దాని వయస్సును నిర్ణయించుటయు ఇక్కడ చెల్లదు. మంటయొద్ద బండి నిలిచియే యుండును గాని యింజను గంటలకొలది పూర్తివేగమున పంపును త్రిప్పుచుండును. మీటరు ఒక్క కిలోమీటరును చూపదు. పరుగెత్తు బండికి ఎదురుగాలి రేడియేటరును చల్లార్చును. నిలిచిన బండికి ఆ గాలియు లేదు. అందుచేత పంపునుండి వచ్చు చన్నీటినే కొంత చిన్న గొట్టముల ద్వారా యింజను చల్లార్చుటకు త్రిప్పుదురు. వర్షాకాలమున నాగావళి ఎఱ్ఱమట్టి నీటిని పీల్చినచో ఆ సన్నని గొట్టములు పూడిపోవును. పంపు రెక్కలు ఇసుకరాపిడికి అరగును. పని ముగిసి షెడ్డునకు చేరినవెంటనే మంచినీటితో పంపును కడుగవలయునన్న నియమము దీనికే. అలసివచ్చిన సిబ్బందికి అది భారముగా తోచుట సహజము. మెకానిక్కు పట్టుపట్టవలసినచోటును అదియే. సునాబెడలో 1964లో నెలకొన్న కర్మాగారమున విమానపు యింజనులను తయారుచేయుచున్నారు. విమానపు యింజను వయస్సును గంటలలో లెక్కింతురు. ఫైరింజనుకును ఆ లెక్కయే తగినది.

సిద్ధముగా నుండుట యన్నమాటకు అర్థము మన ప్రాంతమువారు 2017లో రెండుసార్లు చూచిరి. ఆ యేడు జనవరి 21వ తేదీ రాత్రి 11 గంటల ప్రాంతమున జగదల్‌పూరునుండి భువనేశ్వరము పోవుచున్న హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రాయగడకు రమారమి 25 కిలోమీటర్ల దూరమున కూనేరు స్టేషనువద్ద పట్టాలు తప్పినది. 40 మంది వఱకు మరణించిరి, గాయపడినవారు ఎందఱో. కూనేరు ఆంధ్రదేశమున ఉన్నది, రాయగడ ఒడిశాలో ఉన్నది. క్షతగాత్రులను ఇటు రాయగడకును అటు పార్వతీపురమునకును చేర్చిరి. పుష్యమాసపు నడురాత్రి, చలి, చీకటి. అట్టివేళ గంటల తరబడి కదలక నిలిచిన బండ్లు మొదటి సెల్ఫునకే లేవవలెను. ఇనుమును కోయు యంత్రములు, జనరేటరులు, దీపములు వెంటనే పనిచేయవలెను. అదే సంవత్సరము జూలైలో నాగావళి వఱద తెరుబలికిని సింగపూరు రోడ్డునకును నడుమ రైలువంతెననే తీసికొనిపోయినది. రైలు తెగిన దినములలో రోడ్డుమీది బండియే దిక్కు.

తుపానులసంగతియు నంతే. 1999 అక్టోబరు 29నాటి మహాచక్రవాతము వెనుక, 2001లో ఒడిశా ప్రభుత్వము విపత్తులకొఱకు ఓడ్రాఫ్ అను ప్రత్యేక దళమును స్థాపించినది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులప్పుడు చెట్లు కూలి దారులు మూతపడెను. ఆ చెట్లను కోయుటకు మోటారు ఱంపములు కావలెను. ఇవి పెట్రోలుతో నడచును. పెట్రోలు నెలల తరబడి నిలువయున్నచో జిగురుగా మారి కార్బురేటరు రంధ్రములను మూసివేయును. తాడు లాగి లాగి చేయి నొప్పిపుట్టునే గాని ఱంపము లేవదు. వాడిన వెనుక పెట్రోలును వదలి, ఆఱునంతవఱకు నడిపి యుంచుట మెకానిక్కు అలవాటు. ఫైరింజను మెకానిక్కనగా ఒక్క బండికే గాక ఇట్టి చిన్న యంత్రములన్నిటికిని వైద్యుడని తెలిసికొనవలెను.

ఆంబులెన్సు విషయము వేఱు. 108 సేవ మొదట ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలై, ఒడిశాకు 2013లో వచ్చినది. ఈ బండి నిలువదు, నిరంతరము తిరుగును. ఆగిపోవు జబ్బు దీనికి తక్కువ, అరగిపోవు జబ్బు ఎక్కువ. బ్రేకులు, క్లచ్చి, స్ప్రింగులు మన గుంతల దారులలో త్వరగా పోవును. వీనితోపాటు, సాధారణ మెకానిక్కు తలపునకు రానివి కొన్ని కలవు: స్ట్రెచరును నేలకు పట్టియుంచు కొక్కెము, ఆక్సిజను సిలిండరు బిగింపు, వెనుక తలుపు గొళ్లెము, లోపలి దీపము. ఘాటులో పైకెక్కునపుడు కొక్కెము ఊడినచో రోగియున్న స్ట్రెచరు తలుపువైపునకు జాఱును. యింజను ఎంత చక్కగా నున్న నేమి?

కాలము మారినది గనుక మెకానిక్కు చదువును మారినది. 2020 ఏప్రిల్ 1 నుండి అమ్మబడు క్రొత్త బండ్లు భారత్ స్టేజ్ 6 అను పొగనియమమునకు లోబడినవి. వీని పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ యుండును. యింజను బాగుగా వేడెక్కి కొంతదూరము పరుగెత్తినప్పుడే ఆ మసి కాలి జల్లెడ శుభ్రపడును. ఫైరింజను పరుగులు చిన్నవి. షెడ్డులో దినమున కొకసారి అయిదు నిమిషములు నడపి ఆపుటవలన మసి చేరునే గాని కాలదు. పూర్వము మంచి అలవాటనిపించుకొన్న ఆ అయిదు నిమిషముల నడక నేడు చాలదు. వారమున కొకసారి రోడ్డుమీదికి తీసికొనిపోయి వేడెక్కువఱకు నడుపవలెను. ఇక లోపమును చెవితో పట్టు రోజులు పూర్తిగా పోలేదు గాని, స్కానరును తగిలించి అది చూపు అంకెల సంకేతమును చదువుట తప్పనిసరి. ఆ సంకేతముల పుస్తకము ఆంగ్లములో నుండును. మఱియొక వార్త: 2023 ఏప్రిల్ 1 నుండి పదునైదేండ్లు నిండిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను పునరుద్ధరింపబడుటలేదు. పాత బండి పోయి క్రొత్తది వచ్చినచోట మెకానిక్కు మరల విద్యార్థి కావలసినదే.

ఏప్రిల్ 14 మొదలు 20 వఱకు దేశమంతట అగ్నిమాపక వారము జరుపుదురు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా రేవులో, ప్రత్తిబేళ్లును ప్రేలుడు పదార్థములును మోసికొనివచ్చిన ఫోర్టు స్టికిన్ అను ఓడ అంటుకొనగా, ఆర్పబోయినవారిలో 66 మంది అగ్నిమాపకదళమువారు ప్రేలుడులో మరణించిరి. వారి జ్ఞాపకమే యీ వారము. ఆ దినములలో కేంద్రములవారు బండ్లను ప్రజలకు చూపుదురు. పిల్లలను తీసికొనిపోవు పెద్దలు నీటిధారను మాత్రమే చూపి మరలింపక, బండివెనుక పంపుగేజీలను, చిట్టాపుస్తకమును కూడ చూపుమని అడుగవలెనని మా కోరిక. ఆ చిట్టాలో ఏ దినమున ఏది తనిఖీ చేయబడినదియు, ఎవరు సంతకము చేసినదియు ఉండును. చూడకయే చూచితినని వ్రాయుట సులభము. గంట మ్రోగునంతవఱకు ఆ అబద్ధము ఎవరికిని తెలియదు. "ఈ బండి పనికిరాదు, బాగగువఱకు పంపవద్దు" అని పై యధికారితో చెప్పగలుగుటయు ఆ సంతకములోనిదే. మా మట్టునకు, ఈ వృత్తికి కావలసిన ధైర్యము మంటలో దూకువాని ధైర్యమునకు తక్కువది కాదు.

"పదవ తరగతి చదివించి పిల్లవానిచేత మసి పూయింతుమా?" యని తలిదండ్రులు మమ్మడుగుచుందురు. పైన చెప్పినదంతయు వారికి జవాబే. వాయుపీడనము, శక్తి, ఉష్ణము – ఇవి యెనిమిది, తొమ్మిది, పది తరగతులలో మనము తెలుగులో చెప్పు పాఠములే. తెలుగులో నేర్చినందున టారిసెల్లి సూత్రము తక్కువగా పనిచేయదు. ఆడపిల్లలు కూడ ఈ విద్యను నేర్వదగుదురు; గేజి ముల్లును చూచుటకు కండబలము అక్కఱలేదు.

కాని యొక సంగతి దాచక చెప్పవలెను. పిల్లవాడు బండినెంత బాగుగా నెఱిగినను, ఒడిశాలో ప్రభుత్వోద్యోగమునకు ఒడియా చదువ, వ్రాయ, మాటలాడ రావలెను. మాధ్యమిక పాఠశాల స్థాయి ఒడియాలో ఉత్తీర్ణుడై యుండవలెనని సాధారణముగా కోరుదురు. తెలుగు మాధ్యమమున చదివినవారు ఈ పత్రము లేక ఆగిపోవుట దుఃఖకరము; ఏలయనగా అది కొన్ని నెలల శ్రమతో తీరునది. కావున ఒడియాను ఇప్పుడే శ్రద్ధతో చదువుడు. అది తెలుగునకు శత్రువు కాదు. సిబ్బందిలోని డ్రైవరు బండి జబ్బును ఒడియాలో చెప్పును, పల్లెలోని ముసలమ్మ చెఱువుదారిని కువిలోనో దేశియాలోనో చూపును, సాలూరు దుకాణదారు సామాను ధరను తెలుగులో చెప్పును. ఈ జిల్లాలలో ఇన్ని భాషలు వినగలిగిన మెకానిక్కు త్వరగా పనికివచ్చును.

పదవ తరగతి పూర్తియైనవారు ఐ.టి.ఐ.లో మోటారు వాహనముల మెకానిక్కు తరగతిలో రెండేండ్లుగాని, డీజిలు మెకానిక్కు తరగతిలో ఒక యేడుగాని చదువవచ్చును. ప్రభుత్వ ఐ.టి.ఐ.లు రాయగడలోను, జయపురమునకు సమీపమున అంబాగుడలోను కలవు. ఆ వెనుక 1961నాటి అప్రెంటిసుల చట్టము క్రింద జీతముతో పని నేర్చుకొను అవకాశము కలదు. పెద్ద కర్మాగారములలో సొంత అగ్నిమాపక శాఖలుండును గనుక ప్రభుత్వమొక్కటియే దారి కాదు. ఒడిశాలో ఐ.టి.ఐ. ప్రవేశములకు దరఖాస్తులు పదవ తరగతి ఫలితములు వచ్చిన వెనుక స్యామ్స్ అను ప్రభుత్వ కంప్యూటరు ద్వారమున స్వీకరింతురు. నివాస ధ్రువపత్రము, కులము వర్తించువారికి కుల ధ్రువపత్రము, మార్కుల పట్టిక ముందుగానే సిద్ధపఱచుకొనవలెను. తహశీలు కచ్చేరిలో నివాసపత్రమునకు కొన్ని దినములు పట్టును. వేసవి సెలవులకు ముందే అడుగుట మంచిది.